సోదెమ్మ చెప్పిన ఆటో

నేను మొదటినుంచీ దాన్ని నమ్మలేదు. ఇప్పుడీ మాట అంటే, "అంతా అయ్యాక అందరూ పండితులే" అంటారు మా స్టేషన్లో. అననివ్వండి. పాతికేళ్ళు పోలీసు ఉద్యోగం చేసినవాడు కన్నతల్లి చెప్పినా రెండో సాక్షి ఎవరని అడుగుతాడు. అలాంటిది, స్తంభానికి బిగించిన ఒక డబ్బా "ఇదిగో వీడు ఇంకో నలభై నిమిషాల్లో ప్రమాదం చేస్తాడు" అంటే తలూపెయ్యాలా?

నా పేరు దాలినాయుడు. ట్రాఫిక్ స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ని, రైటర్ని. మా పరిధిలో ఏ రోడ్డు మీద ఎవరు పడ్డా ఎఫ్ఐఆర్ రాసేది నేనే. ఇన్‌స్పెక్టర్లు వస్తారు, పోతారు. రైటర్ ఉంటాడు.

ఏడాదిన్నర క్రితం యూనివర్సిటీ నుంచి డాక్టర్ యశోధర అని ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మెడలో రెండు కళ్ళజోళ్ళు వేలాడేసుకుని, ఏది పెట్టుకోవాలో తెలియక మూడోదాని కోసం సంచీలో వెతుక్కునే రకం.

"నాయుడుగారూ, పదిహేనేళ్ళ ప్రమాదాల ఫైళ్ళు కావాలండీ. అన్నీ."

"ఎలకలు తిన్నవి కూడానా మేడమ్?"

"ఎలకలు తిన్నంతమేరా వాటికే వదిలేద్దాం. మిగిలింది ఇవ్వండి."

ఆ మాటకి ఆవిడ నాకు నచ్చింది. బీరువాలు తెరిచాను. ప్రతి కాగితానికీ ఫొటో తీసుకుంది, దొరికిన చోటల్లా పాత కెమెరా వీడియోలు జతచేసింది. అవన్నీ ఒక యంత్రానికి నేర్పించింది. పదహారు జంక్షన్లలో కొత్త కెమెరాలు లేచాయి. బండి హ్యాండిలు ఎంత వణుకుతోంది, బ్రేకు లైటు ఎన్నిసార్లు వెలుగుతోంది, తోలేవాడి తల ఎటు తిరుగుతోంది, అన్నీ అది చూస్తుంది. ఆ బండి ముందు రోజుల్లో ఎలా నడిచిందో కూడా కలిపి పాత ప్రమాదాలతో పోల్చి, ప్రమాదం జరిగే అవకాశం నూటికి ఇంత అని అంకె చెబుతుంది. డిపార్ట్‌మెంటు దానికి పథరక్షక్ అని పేరు పెట్టింది. మావాళ్ళు ఒక్కపూటలో సోదెమ్మని చేసేశారు.

మొదటి వారంలో ఒక బ్యాంకు మేనేజరు స్కూటరుని పట్టుకుంది. సబ్బుల ఫ్యాక్టరీ జంక్షన్లో మా కానిస్టేబుల్ అప్పలకొండ ఆపాడు. మేనేజరు గయ్యిమన్నాడు.

"నేనేం తప్పు చేశానయ్యా?"

"ఇంకా సెయ్యలేదు సార్. సేస్తారట."

ఆయన్ని షామియానా కింద కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, నలభై నిమిషాలు ఫ్యాను గాలికి ఉంచి పంపారు. ఏ ప్రమాదమూ జరగలేదు. చూశారా, ఆపాం కాబట్టే జరగలేదు అంది డిపార్ట్‌మెంటు. సోదె చెప్పేవాళ్ళదీ ఇదే వరసగా! తాయెత్తు కట్టుకున్నావు కాబట్టి గండం గడిచింది, కట్టుకోకపోతే పోయేవాడివి. అబద్ధమని ఎలా రుజువు చేస్తాం?

కానీ ఒకటి ఒప్పుకోవాలి. చావులు తగ్గాయి. నెలకి పంతొమ్మిది ఉండేవి నాలుగయ్యాయి. శవ పంచనామాలు రాసే చెయ్యి ఖాళీ అయిందని నాకన్నా ఎవరికి తెలుస్తుంది? అది సోదెమ్మ మహిమో, జంక్షనుకి ఇద్దరు కానిస్టేబుళ్ళు చెయ్యెత్తి నిలబడితే వెనకొచ్చేవాళ్ళందరూ భయపడి నెమ్మదించడమో, నాకు మాత్రం అనుమానంగానే ఉండేది. ఆ మాట అంటే సీఐ త్రినాథరావు గారు కళ్ళెర్ర చేశారు. "నాయుడూ, నీకు మంచి జరిగినా అనుమానమేనయ్యా!" అని నన్నే తీసుకెళ్ళి కంట్రోల్ రూంలో స్క్రీను ముందు కూర్చోబెట్టారు.

పని తేలికే. సోదెమ్మ బండి నంబరు చూపిస్తుంది. కింద రెండు మీటలు: ఆపు, వదులు. డెబ్బై దాటితే ఆపాలి. వదిలితే కారణం రాయాలి. మూడుసార్లు ఆపిన బండి అద్దె బండయితే పర్మిట్ పోతుంది.

ఒక సోమవారం పొద్దున్న ఎనిమిదిం పావుకి స్క్రీను మీద డెబ్బై రెండు వచ్చింది. పక్కన నంబరు చూసి టీ గ్లాసు కింద పెట్టేశాను. అది మా ఆవిడ నీలవేణి ఆటో.

నీలవేణి తొమ్మిదేళ్ళుగా స్కూలు ఆటో నడుపుతోంది. ఏడుగురు పిల్లలు. ఈ తొమ్మిదేళ్ళలో ఒక గీత పడలేదు బండి మీద. ఆ ఆటో నేను కొనిపెట్టింది కాదు, ఆవిడ పట్టుబట్టి లైసెన్సు తెచ్చుకుని, నలుగురూ నవ్వుతుంటే నేర్చుకుని నడిపినది. అది లేకపోతే ఆవిడ మనిషే కాదు.

'వదులు' నొక్కాను. కారణం దగ్గర "కెమెరాపై ఎండ" అని రాశాను. ఆ రోజు ఏమీ జరగలేదు.

ఏమీ జరగలేదు కదా, మరి ఊరుకోవచ్చుగా! ఊరుకోలేకపోయాను. ఆ డబ్బాని నమ్మనివాణ్ణి, అది నా పెళ్ళాం పేరెత్తగానే మధ్యాన్నం భోజనానికెళ్ళి ఆవిడ చేతులు చూస్తూ కూర్చున్నాను. అన్నం వడ్డిస్తుంటే గరిటె కొంచెం వణికినట్టనిపించింది.

"ఏటలా సూస్తన్నావు? నా సేతుల మీద ఏటైనా రాసుందేటి?"

"చెయ్యి వణుకుతోందేటే?"

"పొద్దున్నించీ హ్యాండిలు పట్టుకున్న సెయ్యి ఒణక్క ఏటౌద్ది? నువ్వు పెన్ను పట్టుకుని కూకుంటావు కాబట్టి నీకు తెల్దు. తిను."

తిన్నాను. ఆవిడ పెరట్లోకెళ్ళగానే ఆవిడ సంచీ తీశాను. అందులో మాత్రల పట్టీ ఒకటి దొరికింది, నాలుగు వాడేసి ఉన్నాయి. మూర్ఛ మాత్రలేమో, కళ్ళు తిరిగేవేమో! జేబులో వేసుకుని మెడికల్ షాపుకి పరుగెత్తాను. తలనొప్పి మాత్రలన్నాడు. "నిజమేనా?" అన్నాను. "డబ్బా మీద రాసుంది కదా నాయుడుగారూ" అన్నాడు. వాడు నా ముఖం చూడకుండా ఎందుకు చెప్పాడా అని అదింకో అనుమానం.

సాయంత్రం ఆవిడ సంచీ దులిపి చూసుకుంది. "నా సంచీ తీసింది నువ్వేనా?" అంది.

"నేనెందుకు తీస్తాను?"

ఆవిడ నన్ను ఒక్క క్షణం ఎగాదిగా చూసి లోపలికెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నన్నలా చూడటం అదే మొదలు.

గురువారం మళ్ళీ వచ్చింది. ఈసారి డెబ్బై ఆరు. మళ్ళీ వదిలేశాను. కారణం దగ్గర ఏం రాయాలో తోచక "ఎండ" అనే రాశాను, ఆ రోజు ముసురు పట్టి ఉంది. ఇక లాభం లేదని కంట్రోల్ రూం పక్కనే ఉన్న యశోధర మేడమ్ గదికెళ్ళాను.

"మేడమ్, ఒక ఆటో గురించి. మాకు తెలిసినవాళ్ళది. అందులో మీ యంత్రానికేం కనిపించింది?"

ఆవిడ వీడియో వేసింది. తెరమీద నీలవేణి ఆటో గిడ్డంగి మలుపు వైపు వెళుతోంది. రోడ్డు ఖాళీగా ఉంది. ఏ కారణమూ లేకుండా బ్రేకు లైటు వెలిగింది. ఆటో నెమ్మదించింది, ఎడమ పక్కకి వాలింది. నీలవేణి తల రెండుసార్లు వెనక్కి తిరిగింది.

"ఇదేనండీ," అంది యశోధర. "ఖాళీ రోడ్డు మీద అకస్మాత్తుగా ఎడమకి తిప్పడం. మీ ఫైళ్ళలో నాలుగు వందల పన్నెండు కేసులు సరిగ్గా ఇలాగే జరిగాయి. 'ఆటో డ్రైవరు ముందూ వెనకా చూడకుండా అకస్మాత్తుగా ఎడమ పక్కకు తిప్పినందున.' యంత్రం నేర్చుకున్న వాటిలో ఇంత బలమైన గుర్తు ఇంకోటి లేదండీ."

ఆ వాక్యం నాది.

నాది కూడా కాదు, మా పాత రైటరు సన్యాసిరావుగారిది. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆయన నేర్పారు. లారీ గుద్దేసి పారిపోతుంది, నంబరు ఉండదు. కేసు తేలకపోతే నెలాఖరు మీటింగులో సీఐకి అక్షింతలు. "సచ్చినోడు లేసి రాడు, పారిపోయినోడు దొరకడు. అక్కడెవుడున్నాడో సూడు, ఆడి మీద రాసీ" అనేవారు. రోడ్డు మీద ఎప్పుడూ ఉండేది ఎవరు? ఆటోవాడు. పడిపోయినవాణ్ణి ఆస్పత్రికి తీసుకొచ్చేదీ వాడే. ఆ వాక్యం వాడి మీద రాసేసేవాళ్ళం. సాక్షులు రారు, రెండు మూడేళ్ళకి కోర్టు కొట్టేస్తుంది, ఎవరికీ నష్టం లేదనుకునేవాళ్ళం. అలా ఎన్ని రాశానో నాకే తెలియదు. ఆ కాగితాల్నే ఈ మహాతల్లి వేదంలా చదివి యంత్రానికి నేర్పింది.

అప్పుడే చెప్పాల్సింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను కూడా.

"ఏంటండీ?" అంది.

"ఏం లేదు మేడమ్. ఎండకి తల తిరిగింది" అని బయటికొచ్చేశాను. బయట వర్షం పడుతోంది.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే నా ఉద్యోగం పోతుంది, ఆపైన జైలు. అదొక్కటే కాదు. యంత్రం తప్పయితే నేను దొంగని. నీలవేణి చెయ్యి తప్పయితే నేను దొంగని కాను, జబ్బు మనిషి మొగుణ్ణి మాత్రమే. రెండోదాన్ని నమ్మడమే నాకు సుఖంగా ఉంది. అన్నీ అబద్ధాలు ఎలా అవుతాయి, నాలుగు వందల్లో కొన్నయినా నిజం ఉండకపోదు, అయినా ఖాళీ రోడ్డు మీద బ్రేకెందుకు వేసింది, తలెందుకు తిప్పింది అని నాలో నేనే వాదించుకున్నాను. ఆ మూడు రోజులూ ఆవిడ గ్లాసు ఎత్తినా చూశాను, సూదిలో దారం ఎక్కించినా చూశాను. ఆవిడ నేను చూడటం చూసింది. మాటలు తగ్గిపోయాయి మా ఇంట్లో.

సోమవారం ఎనిమిదీ పదికి ఎనభై మూడు వచ్చింది.

ఏడుగురు పిల్లలున్నారు ఆ బండిలో. నేను చేసిన పాపం ఏదైనా కానీ, ఒకవేళ, ఒకే ఒకవేళ ఆ డబ్బా చెప్పింది నిజమైతే? 'ఆపు' నొక్కాను.

నొక్కాక ఊపిరి తేలికయింది. అదే నాకిప్పటికీ సిగ్గు.

అయిదు నిమిషాలకి అప్పలకొండ ఫోన్ చేశాడు. "రైటర్ గారూ, ఇది మీ ఇంటి మేడమ్ గారి ఆటో! ఆపీమంటారేటి?"

"సోదెమ్మ చెప్పింది కదా. నలభై నిమిషాలు."

"పిల్లలకి పరీచ్చలంటున్నారండి. మేడమ్ గారు నా మీద కేకలేత్తన్నారు."

"రూలు రూలే అప్పలకొండా."

ఫోన్లో వెనక నుంచి నీలవేణి గొంతు వినిపిస్తూనే ఉంది. "నాను తప్పేటి సేసినానో సెప్పమను! ఆడెవుడో ఆ స్క్రీను కాడ కూకున్నోణ్ణి వొచ్చి సెప్పమను!" ఫోను పెట్టేశాను.

తరవాత జరిగింది అప్పలకొండ చెప్పగా తెలిసింది. పావుగంట చూసి, గంట కొట్టేస్తారని పెద్ద పిల్లలు ఏడుపు మొదలెట్టారు. స్కూలు ఎంతో దూరం లేదు, గిడ్డంగి మలుపు దాటితే వచ్చేస్తుంది. జాలిపడి అప్పలకొండే "మీ ముగ్గురూ నడిసి పోండమ్మా" అన్నాడు. నీలవేణి వద్దంది, అడ్డం పడింది. ఆటో తాళం మావాళ్ళ దగ్గరుంది, చిన్నపిల్లలు నలుగురూ బండిలో ఉన్నారు, వాళ్ళని వదిలి ఆవిడ కదల్లేకపోయింది. ముగ్గురూ బ్యాగులు తగిలించుకుని నడిచారు. మలుపులో గిడ్డంగి గేటులోంచి నీళ్ళ ట్యాంకరు హారన్ కొట్టకుండా బయటికొచ్చింది. జాహ్నవి అనే అయిదో తరగతి పిల్ల కాలు చక్రం కింద పడింది. ట్యాంకరు ఆగలేదు.

నేను ఆపు నొక్కిన ముప్పై ఎనిమిదో నిమిషం అది.

కంట్రోల్ రూంలోకి సీఐ గారు పరుగున వచ్చారు. ఆయన ముఖంలో భయమూ ఉంది, ఏదో వెలుగూ ఉంది. "చూశావా నాయుడూ! నలభై నిమిషాల్లోపే! ఆ ఆటో పిల్లే! మీ ఆవిడ బండని కూడా చూడకుండా సోదెమ్మ నిజం చెప్పిందయ్యా!"

"పిల్ల ఎలా ఉంది సార్?"

"ప్రాణానికి భయం లేదు. కాలే, ఆపరేషన్ అంటున్నారు. నువ్వు ముందు ఎఫ్ఐఆర్ కానీ. ట్యాంకరు నంబరు లేదు, మన కెమెరాకి మలుపు దాకానే కనిపిస్తుంది, గేటు కనిపించదు. మనవాడు పిల్లల్ని దింపి నడిపించాడని రాస్తే రేపు పేపర్లు మనల్ని నమిలేస్తాయి. ఎప్పట్లాగే ఆటో మీద రాసెయ్." గొంతు తగ్గించి భుజం మీద చెయ్యేశారు. "మీ ఆవిడే కాబట్టి నేను చూసుకుంటాను. సాక్షులు రారు, కోర్టు కొట్టేస్తుంది. నీకు తెలీనిదేముంది?"

పెన్ను తీశాను. చెయ్యి దానంతటదే రాయడం మొదలెట్టింది. "సదరు ఆటో డ్రైవరు కోట నీలవేణి, ముందూ వెనకా చూడకుండా" వరకూ వచ్చి ఆగింది. నా పెళ్ళాం పేరు ఆ వాక్యంలో నా అక్షరాల్లో కనిపించింది. కాగితం నలిపి జేబులో కుక్కి, యశోధర మేడమ్ గదికెళ్ళి తలుపు వేశాను.

చెప్పేశాను. సన్యాసిరావుగారితో మొదలెట్టి అంతా చెప్పేశాను. ఆవిడ మెడలోని కళ్ళజోడు చేత్తో పట్టుకుని, పెట్టుకోకుండా అలాగే వింది.

"ఎన్ని?" అంది చివరికి.

"తెలీదు మేడమ్."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బావుండేది. బీరువా నుంచి కట్టలు దింపించి నా ముందు పెట్టించింది. "నాలుగు వందల పన్నెండు. నిజమైనవి ఇటు పెట్టండి, అబద్ధాలు అటు పెట్టండి. మళ్ళీ నేర్పిద్దాం."

గంటన్నర కూర్చున్నాను. అన్నీ నా అక్షరాలే, అన్నీ అదే వాక్యం. అసలు నిజంగానే ఆటోవాడు తిప్పి గుద్దినవి కూడా ఉన్నాయి, నాకు తెలుసు. కానీ అవి ఏవి? ఆరు తీసి ఇటు పెట్టాను. మళ్ళీ చూసి మూడు వెనక్కి పెట్టాను. కాసేపటికి ఆ మూడూ అనుమానమే అయ్యాయి. చచ్చినవాళ్ళ పేర్లున్నాయి, ఊళ్ళున్నాయి, ఎలా పోయారో మాత్రం లేదు.

"నావల్ల కాదు మేడమ్."

"అంటే ఈ ఊళ్ళో పదిహేనేళ్ళలో ఎవరెలా పోయారో ఇక ఎవరికీ తెలీదన్నమాట. దీన్ని ఇవాళే ఆపించేస్తాను. ఆపితే మళ్ళీ నెలకి పంతొమ్మిది మంది పోతారో ఏమో, అదీ చెప్పలేను నాయుడుగారూ. ఇన్నాళ్ళూ దీనివల్లే బతికారో, మీవాళ్ళు రోడ్డు మీద నిలబడటంవల్ల బతికారో కూడా నాకు తెలీదు."

ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. వరండాలో బెంచీ మీద నీలవేణి కూర్చుని ఉంది, పక్కన జాహ్నవి తల్లి. ఆపరేషన్ అయిందట, కాలు నిలుస్తుందట.

నీలవేణి లేచి నా ఎదురుగా వచ్చింది. "ఎవుడు నొక్కినాడు?"

"నేనే."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. అదే నన్ను చంపేసింది.

"అక్కడ నువ్వు ఎందుకు బ్రేకేస్తావు? తలెందుకు తిప్పుతావు?" అన్నాను. మెడికల్ షాపువాణ్ణి అడిగాను, యశోధర మేడమ్‌ని అడిగాను, వారం రోజులుగా ఈ ఒక్క మనిషిని మాత్రం అడగలేదు.

"ఆ గేట్లోంచి ట్యాంకర్లు గుడ్డిగా బయటికొత్తాయని. పక్కకి ఆపి, పిల్లలు సేతులు బయటెట్టినారేటోనని ఎనక్కి సూత్తాను. తొమ్మిదేళ్ళ నించీ సూత్తన్నాను. ఒక్కమాటడిగితే సెప్పీదాన్ని గదరా."

నన్ను 'రా' అనడం కూడా అదే మొదలు. అంది, పడ్డాను.

అక్కడే మెట్ల మీద కూర్చుని ఫిర్యాదు రాశాను. ఫిర్యాది కోట నీలవేణి. ఒకటో ముద్దాయి నంబరు తెలియని ట్యాంకరు డ్రైవరు. రెండో ముద్దాయి కోట దాలినాయుడు, హెడ్ కానిస్టేబుల్, తన తప్పుడు రాతలవల్ల యంత్రం తప్పు చెబుతోందని తెలిసీ దాచిపెట్టి, ఆటోని ఆపించి, పిల్లలు రోడ్డు మీద నడవడానికి కారకుడు. పాత ఎఫ్ఐఆర్ల సంగతి కూడా రాశాను. సీఐ గారు చూసేలోగా రిజిస్టర్లో నంబరు వేసేస్తే ఇక ఎవరూ చింపలేరు. పాతికేళ్ళ అనుభవంలో మంచికి వాడింది ఇదొక్కటే.

ఫిర్యాది సంతకం ముందు చదివి వినిపించాలి, అది నియమం. నిలబడి చదివాను. నా పేరు కూడా వదలకుండా చదివాను. పూర్తి చేసి కాగితమూ పెన్నూ చాచాను.

నీలవేణి పెన్ను తీసుకోలేదు. కాగితం మాత్రం తీసుకుని యశోధర మేడమ్ చేతికిచ్చింది.

"అమ్మా, మీరోపాలి సదవండి. ఈయన సదివిందీ ఇందులో ఉన్నదీ ఒకటేనేటో సూడండి."

ఆవిడ నా వైపు చూడలేక తలొంచుకుని పైకి చదివింది. నీలవేణి కళ్ళు మూసుకుని మాట మాటా విని, అప్పుడు కాగితం తీసుకుని తనూ వేలు పెట్టుకుంటూ మొదటినుంచీ చదువుకుంది. వెనక్కి తిప్పి చూసింది. చివరి వరసకీ సంతకం పెట్టాల్సిన చోటుకీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. అప్పుడు నా చేతిలోంచి పెన్ను తీసుకుని, ఆ ఖాళీలో ఇంకెవరూ ఇంకో వాక్యం రాయకుండా అడ్డంగా గీతలు కొట్టి, కింద సంతకం పెట్టింది.